మాస్టారు ముందుగా ఎక్కిన కొండ

కార్తికమాసపు ఎండ ఇంకను ముదరని ప్రొద్దుటివేళ, ఆమదాలవలస రైలుస్టేషను దారి విడిచి బయలుదేరిన పాఠశాల బస్సు, శ్రీకాకుళం పట్టణపు రద్దీని దాటి, పండి తలవాల్చిన వరిచేల నడుమ గార త్రోవ పట్టినప్పటినుండి, అందలి పిల్లల కేకలకు హద్దు లేదు. పులిహోర క్యారేజీలు ఒకరి ఒడిలోనుండి మరియొకరి ఒడిలోనికి మారుచున్నవి. కిటికీ ప్రక్క సీటుకై మొదలైన తగవు ఇంకను తెగలేదు. శాలిహుండం కొండ క్రింద బస్సు ఆగినదే తడవుగా, మాస్టారు వారించుచున్నను వినక మెట్లమీదుగా పరుగుతీసిన ఎనిమిదవ తరగతి బాలుడొకడు, మహాస్తూపపు అంచున కూలబడి, కాలి దగ్గరి ఇటుకపై అరచేయి పరచి జానతో కొలువబోయెను. ఇటుక జానను మించిపోయినది. రెండవ చేయి కూడ ఆనించెను.

"మేస్టారూ, ఈ ఇటికేటండీ ఇంత పెద్దగుంది? మా ఇల్లు కడతన్నప్పుడు తెచ్చిన ఇటికలు దీన్లో సగం లేవు."

"దీని వయసెంతుంటుందో చెప్పరా చూద్దాం."

"మా తాతంత ఉంటాదా అండి?"

"మీ తాత, ఆయన తాత, ఆ పై తాత... అలా ఓ ఎనభై తరాలు వెనక్కి లెక్కెట్టుకో."

బాలుడు చేయి చప్పున వెనుకకు తీసికొనెను. మరుక్షణమే మరల ఆ ఇటుకపై ఉంచెను. తక్కిన పిల్లలు కూడ ఒక్కొక్కరే వచ్చి కూర్చుండి ఇటుకలు కొలువ మొదలిడిరి. పాఠ్యపుస్తకమున 'బౌద్ధమతము' అను శీర్షిక క్రింద రెండు పుటలలో ముగిసిపోయిన సంగతి, ఆ కొండమీద, ఆ పిల్లల అరచేతులకు గరుకుగా తగులుచుండెను.

సెలవా, చదువా?

దసరా సెలవులు ముగిసి సంక్రాంతి వచ్చులోపల ఈ జిల్లాలో పాఠశాలల యాత్రల కాలము. ఏటేట ఇదే సమయమున ఇంటింట ఒక చర్చ చెలరేగుచుండును. ప్రైవేటు పాఠశాలలు పిల్లలను విశాఖ సముద్రతీరమునకో, అరకు లోయకో, డబ్బు మరికొంత ఉన్నచో హైదరాబాదులోని రామోజీ ఫిలింసిటీకో కొనిపోవుచున్నవి. ప్రభుత్వ పాఠశాలలో చదువు కూలివాని బిడ్డ, బస్సు ఖర్చు ఇచ్చుకొనలేక, ఆ దినమున ఇంటికడనే ఉండిపోవుచున్నాడు. వెళ్లిన పిల్లలు తెచ్చిన ఫొటోలను చూచి వెళ్లని పిల్లలు కన్నీరు పెట్టుకొనుట ప్రతి వీధిలోను కానవచ్చుచున్నది. యాత్రకు వెళ్లినవారైనను ఏమి నేర్చుకొని వచ్చిరని అడిగినచో తల్లిదండ్రులకు దొరకు సమాధానము తరచుగా తిన్న తినుబండారముల పట్టికయే.

విహారమును నేను నిందించుటలేదు. బిడ్డలు ఊరు దాటి, తోటివారితో ఆడి పాడి, సముద్రమును మొదటిసారి చూచి గంతులు వేయుట చదువుకంటె తక్కువైన విషయమేమియు కాదు. నా బాధ వేరు. ఆమదాలవలస చుట్టుపట్ల, ఒక్క పూటలో పోయి రాదగిన దూరములో, రెండువేల సంవత్సరముల చరిత్ర నేలమీద పరచియుండగా, ఆ ఊరి పిల్లవాడు దానిని చూడకయే పదవ తరగతి ముగించి, పై చదువులకై అదే రైలుస్టేషనులో రైలెక్కి వెళ్లిపోవుచున్నాడు. వానికి మొహెంజొదారో స్నానవాటిక కొలతలు కంఠస్థము. సరుబుజ్జిలి ప్రక్కనున్న మట్టికోట పేరు తెలియదు.

జాతీయ విద్యావిధానము 2020 ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలకు పది 'బ్యాగు లేని రోజులు' ఉండవలెనని సూచించి, బడి గోడల వెలుపలి కళలను, వృత్తులను, స్మారకములను ఆ దినములలో చూపవలసినదిగా చెప్పుచున్నది. అంతకు చాల పూర్వమే, 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము, బడిలోని జ్ఞానమును బడి వెలుపలి జీవితముతో ముడివేయుటను తన మొదటి సూత్రముగా ప్రకటించినది. కాగితముమీద లోటు లేదు. కొండమీదికి పిల్లలను తీసికొనిపోవు మాస్టారు ఆ కొండను తాను ముందుగా చూచి ఉండెనా అనునదే ప్రశ్న.

పర్వతాలపేట బాలుడు

ఈ ప్రశ్నకు ఉత్తరము ఈ జిల్లా మట్టిలోనే పుట్టినది. శ్రీముఖలింగమునకు సమీపమున వంశధారా తీరమందలి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారిని లోకము వ్యావహారిక భాషోద్యమ పితామహునిగా ఎరుగును. వారి జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఐనను, ఆయన అన్నింటికంటె ముందు ఒక బడిపంతులు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరి, పిల్లలకు చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడు, తన ఇంటి ముంగిటనే ఉన్న ముఖలింగ దేవాలయపు గోడలపైని పురాతన శాసనములు తనకు చదువ వచ్చుటలేదే అను చింత ఆయనను పట్టుకొన్నది. నేర్పువారు లేరు. పుస్తకములు తెప్పించుకొని, పాత లిపులను తానుగా అభ్యసించి, గోడల ముందు నిలిచి అక్షరమక్షరము కూడబలుకుకొని, ఆ శాసనములను చదివెను. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరము నేటి ముఖలింగమేయని నిర్ధారించిన కీర్తి ఆయనది. నడగాము తామ్రశాసనమును పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించినదియు ఆయనయే. సవరల భాషను కూడ ఇదే తీరున, సవరలనే గురువులుగా చేసికొని నేర్చి, వారి బిడ్డలకు వారి మాటలోనే బడులు నడిపెను.

ఆయన దృష్టి ముఖలింగముతో ఆగలేదు. వంశధార దక్షిణపు గట్టున, ఆ నది సముద్రమున కలియు కళింగపట్నమునకు కొలది దూరములో, పొదల క్రింద పడియున్న శాలిహుండం బౌద్ధక్షేత్రమును 1919లో వెలుగులోనికి తెచ్చినది గిడుగువారే. పిమ్మట లాంగ్‌హర్స్ట్ మొదలుకొని ఆర్. సుబ్రహ్మణ్యం వరకు పురావస్తు శాఖవారు విడతలు విడతలుగా త్రవ్వి, స్తూపములను, చైత్యగృహములను, ధాతుపేటికలను వెలికితీసిరి. ఒక బడిపంతులు జిజ్ఞాసకొలది ఆ చోటికి వెళ్లి చూచి, పదిమందికి చెప్పినందుననే గదా నేడు పిల్లలు ఆ ఇటుకలమీద చేతులు పెట్టగలుగుచున్నారు! పాఠశాల యాత్రలకు పద్ధతి ఎట్లుండవలెనో నేర్చుటకు మనము పరదేశముల గ్రంథములు తిరుగవేయనక్కరలేదు.

> శాలిహుండం: తెలియవలసినవి
>
> శ్రీకాకుళమునుండి సుమారు 18 కిలోమీటర్లు. గార మండలము. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది.
>
> క్రీస్తుపూర్వపు శతాబ్దులనుండి సుమారు వేయి సంవత్సరములకు పైగా బౌద్ధులు నివసించిన తావు. హీనయాన, మహాయాన, వజ్రయాన శాఖలు మూడింటి గుర్తులును ఒకే కొండపై కానవచ్చుట దీని విశేషము. తార, మారీచి మొదలగు దేవతల విగ్రహములు ఇచ్చట దొరకినవి.
>
> కొండమీదినుండి ఉత్తరమున వంశధార, తూర్పున కళింగపట్నపు దిక్కు కనులపండువుగా కానవచ్చును. నీడ తక్కువ. పిల్లలతో వెళ్లువారు పది గంటలలోపల ఎక్కి, ఎండ ముదురకముందే దిగుట మంచిది.

చక్రములో మట్టి

పిల్లలకు ఏమి చూపవలెను? తేదీలు కాదు. శాలిహుండం మహాస్తూపము చక్రాకారపు పునాదిపై కట్టబడినది. నడుమ ఒక నాభి, అచ్చటినుండి బండిచక్రపు ఆకుల వలె బయటికి పోవు ఇటుక గోడలు, వానినన్నిటిని కలుపుచు చుట్టును ఒక వలయము. ఆ గోడల నడుమనున్న గదులవంటి ఖాళీలను మట్టితో నింపి, పైన గుమ్మటము నిలిపెదరు. "అంతా ఇటికలతోనే కట్టకుండా మట్టెందుకు నింపారు?" అని మాస్టారు అడిగి ఊరకుండిన చాలును, సమాధానము పిల్లలే వెదకుదురు. తండ్రి తాపీపని చేయు పిల్ల ఉన్నచో మొట్టమొదట ఆమెయే చెప్పును: ఇటుక ఖరీదు, మట్టి చవుక, మట్టి జారిపోకుండ గోడలు పట్టుకొనును, గోడలు వంగిపోకుండ మట్టి అదుముకొనును. ధర్మచక్రమని బుద్ధభగవానుని బోధకు గల గుర్తు, ఇంజినీరు తెలివి, ఖర్చు తగ్గించు ఉపాయము మూడును ఆ ఒక్క వలయములో ఇమిడియున్నవని బాలలకు తోచిన క్షణమున, పరీక్షకు పనికివచ్చు ప్రశ్న ఒకటియు ఆ దినమున తేకపోయినను నాకు చింత లేదు. ఇట్టి చక్రపు స్తూపములే భట్టిప్రోలులోను, నాగార్జునకొండలోను ఉన్నవని చెప్పి, కృష్ణాతీరపు మేస్త్రీల పని వంశధార ఒడ్డుకు ఎట్లు చేరియుండునని అడుగవచ్చును. ప్రశ్న అచ్చటనే వదలివేసినను నష్టము లేదు. ఇంటికి పోవు బస్సులో పిల్లలు దానిని గూర్చియే వాదించుకొందురు.

వంశధార వెంబడియే పైకి పోయినచో శ్రీముఖలింగము. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూడును ఒకే ఊర. అచ్చటినుండి రాజ్యమేలిన గాంగ వంశమునందే అనంతవర్మ చోడగంగదేవుడు జన్మించి, పూరీ జగన్నాథాలయ నిర్మాణమును ఆరంభించెను. ఆ వంశపు నరసింహదేవుడు కోణార్కమున సూర్యరథమును నిలిపెను. దూరపు బస్సు కట్టించి కోణార్కము చూచి వచ్చిన పిల్లలకు, దానికి మూలమైన రాజధాని తమ జిల్లాలోని జలుమూరు మండలములో ఉన్నదని చెప్పువారే లేకపోయినచో, అంత దూరము ప్రయాణించిన ఫలమేమి?

గట్టుపై ఆవులు, గట్టు క్రింద నగరము

ఆమదాలవలసకు మరింత సన్నిహితమైనది, మరింత ఉపేక్షకు గురియైనది దంతపురము. సరుబుజ్జిలి మండలములో, జనులు దంతవక్త్రుని కోటయని పిలుచుకొను ఆ చోటికి వెళ్లినవానికి మొదట నిరాశయే కలుగును. కోట అనగా రాతిబురుజులు, ఫిరంగులు ఊహించుకొన్న పిల్లలకు అచ్చట కనబడునది వలయముగా తిరిగిన మట్టిగట్టు, దానిపై గడ్డి మేయు పశువులు, లోపల పొలములు. మాస్టారు నోరు విప్పవలసిన తావు ఇదియే. ఆ గట్టును చేతులతో తట్టలెత్తి పోసిన జనమెందరో, అంత మన్ను ఎచ్చటినుండి త్రవ్విరో, ఆ త్రవ్విన గోతిలో నీరు నిలిచి కందకమైయుండునా అని పిల్లలే అంచనా కట్టవలెను. పొలము దున్నునప్పుడు కుండపెంకులు బయటపడుచుండునని చుట్టుపట్ల రైతులు చెప్పుదురు; రాష్ట్ర పురావస్తు శాఖ ఇచ్చట త్రవ్వకములు జరిపినది.

పదమూడవ శతాబ్దమున సింహళమున రచింపబడిన 'దాఠావంస'మను పాళీ కావ్యము చెప్పు కథ ఇది. బుద్ధుని దంతధాతువు కళింగరాజుల కడ దంతపురములో పూజలందుకొనుచుండగా, శత్రుభయము కలిగిన వేళ, రాకుమారి హేమమాల ఆ దంతమును తన కేశపాశములో దాచుకొని, భర్త దంతకుమారునితో మారువేషమున ఓడయెక్కి సింహళము చేరెను. నేటికిని ఆ ధాతువునకు క్యాండీ నగరమున ఆలయము కలదు. ఏటేట అచ్చట ఏనుగుల ఊరేగింపు జరుగును. ఆ దంతపురము ఇదియేనా, ఒడిశా తీరమున మరియొకచోట ఉన్నదా అని పండితులలో భేదాభిప్రాయములు కలవు. ఆ భేదమును పిల్లలకు దాచరాదు. చరిత్ర అనగా ముందే వ్రాసిపెట్టిన జవాబు కాదని, సాక్ష్యము తూచి తేల్చుకొనవలసిన వ్యవహారమని బోధించుటకు ఇంతకంటె మంచి అవకాశము దొరకదు. ప్రక్కనున్న ఊరి వృద్ధులు మాత్రము ఆ కోటను శ్రీకృష్ణుని శత్రువైన దంతవక్త్రునిదిగనే చెప్పుదురు. ఆ మాటను కూడ పిల్లలు నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. జనులు తమ ఊరి గట్టునుగూర్చి ఏమి చెప్పుకొనిరో అదియు ఒక సాక్ష్యమే.

> గోడపై పేరు వ్రాయుట నేరము
>
> రక్షిత స్మారకములకు హాని చేసినవారికి 1958 నాటి పురాతన స్మారకముల చట్టము, 2010 సవరణ ప్రకారము, రెండేండ్ల వరకు జైలుగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. స్మారకమునకు చుట్టు 100 మీటర్ల మేర కట్టడములు నిషిద్ధము. ఆపై 200 మీటర్ల మేర అనుమతి లేనిదే కట్టరాదు.
>
> కేంద్ర పురావస్తు శాఖ టిక్కెట్టు పెట్టిన చోట్ల 15 ఏండ్లలోపు బాలలకు ప్రవేశము ఉచితము.
>
> వారసత్వమును కాపాడుకొనుట పౌరుల ప్రాథమిక విధియని రాజ్యాంగపు 51ఏ అధికరణము చెప్పుచున్నది. ప్రాథమిక విధులు 1976లో 42వ సవరణ ద్వారా చేరినవి.

తల్లుల భయము

యాత్ర అనగానే కన్నతల్లికి మొదట కలుగునది భయము. "ఎల్లిరా నాన్నా, నీళ్ల కాడికి మాత్రం ఎల్లకు" అని బస్సు కిటికీ పట్టుకొని చెప్పు తల్లి మాటను తేలికగా తీసికొనరాదు. 2014 జూన్ 8న, హైదరాబాదునుండి యాత్రకు వెళ్లిన ఇంజినీరింగు విద్యార్థులు ఇరువదినలుగురు హిమాచలప్రదేశమునందలి బియాస్ నదిలో, ఎగువ జలాశయమునుండి వదలిన నీటి వరదకు కొట్టుకొనిపోయిన ఘోరమును తెలుగువారు మరువలేదు. అంత యెత్తు పిల్లలకే ప్రమాదము తెలియకపోయినప్పుడు, పన్నెండేండ్ల బిడ్డల సంగతి చెప్పవలెనా? శాలిహుండం క్రింద వంశధార ఉన్నది; కళింగపట్నమున నది, సముద్రము రెండును ఉన్నవి. ఇసుక తిన్నె చూచి లోతు లేదని భ్రమపడువారు ఎందరో.

కాబట్టి నీటికి పోవు కార్యక్రమమును కొండ కార్యక్రమముతో కలుపవద్దని నా అభిప్రాయము. దారిలో ఉన్నవి గదాయని అరసవల్లి, శ్రీకూర్మము, శాలిహుండం, కళింగపట్నము అన్నింటిని ఒకే దినమున చుట్టబెట్టుట మన బడులకు వాడుకైపోయినది. దానివలన ఏ చోటను అరగంటకు మించి నిలువరు. మధ్యాహ్నమునకు మాస్టారులు అలసిపోదురు. సరిగా అలసట వచ్చిన వేళకే పిల్లలు సముద్రపు టొడ్డున ఉందురు. ఒక్క తావు, ఒక్క పూట. బస్సులో ఎక్కునప్పుడు, దిగునప్పుడు పేర్లు పిలిచి లెక్క చూచుట. పెద్దపిల్లలను చిన్నవారికి జతగూర్చుట. ఆడపిల్లల సౌకర్యము ముందుగా విచారించి, మరుగుదొడ్డి ఎచ్చట ఉన్నదో తెలిసికొనియే బయలుదేరుట. ఈ చివరి సంగతిని పెక్కుమంది మగ ఉపాధ్యాయులు తలపనైన తలపరు. దానికి వెరచియే దినమంతయు నీరు త్రాగక ఎండలో తిరుగు బాలికలు ఉన్నారు.

ఖర్చు రెండవ అడ్డంకి. ఊరి ప్రక్కనున్న స్థలమును ఎంచుకొన్నచో ఆ అడ్డంకి సగము తొలగును. దంతపురమునకు ఆర్టీసీ బస్సు, ఆటోలు చాలును. ఆమదాలవలస మండలములోనే గాజులకొల్లివలస ప్రక్కనున్న సంగమయ్య కొండపై జైనుల ఆనవాళ్లు కలవు. దానికి పెద్ద తరగతి పిల్లలు సైకిళ్లపైనే పోవచ్చును. తరగతిలో ఒక్క బిడ్డయైనను డబ్బు లేక ఇంటికడ నిలిచిపోవు యాత్రను, అది ఎంత గొప్ప చోటికైనను సరే, బడి తలపెట్టరాదని నేను నమ్ముదును.

ముందునాడు, మరునాడు

యాత్ర నాటి శ్రమ అంతయు ముందునాటి, మరునాటి పనులను బట్టి ఫలించును. ముందునాడు తరగతిలో ఆ చోటి పటము నల్లబల్లపై గీసి, ఏ బృందము ఏమి చూచి వ్రాసికొనవలెనో పంచిపెట్టవలెను. ఒకరు ఇటుకల కొలతలు. ఒకరు చెట్ల పేర్లు. ఒకరు అచ్చటి కావలివానితో సంభాషణ. దినమును స్మారకము చెంతనే గడుపు ఆ కావలివానికి తెలిసిన సంగతులు పెక్కు పుస్తకములలో ఉండవు. ఏ వానకు ఏ గోడ జారినదో అతడు చూచియున్నాడు. పిల్లలు అతనిని "బాబాయ్" అని పిలిచి అడిగినచో ఓపికగా చెప్పును. మరునాడు పిల్లలు చూచినది గీసి, వ్రాసి, క్రింది తరగతి పిల్లలకు తామే చెప్పవలెను. తాము చెప్పవలసియున్నదని ముందే తెలిసిన పిల్లవాని చూపు వేరుగా ఉండును.

చరిత్ర అనగా రాళ్లే కానక్కరలేదు. ఆమదాలవలస చెంతనే పొందూరు ఉన్నది. అచ్చటి స్త్రీలు వాలుగ చేప దవడయెముకను దువ్వెనగా పట్టి, ఆ సన్నని పండ్లతో ప్రత్తిని గింజమీదనే దువ్వి, నలుసులు తీసి, నూలు వడకుట పిల్లలు ప్రక్కన కూర్చుండి చూడవలసినది. ఆ దవడను ఒక్కసారి చేతబట్టి దువ్వనిచ్చినచో, ప్రత్తి పోగు చేతికి చుట్టుకొని తెగిపోయినప్పుడు, నేత ఎంతటి నేర్పుతో కూడినదో బిడ్డకు అర్థమగును. స్వరాజ్యోద్యమ పాఠమును అచ్చటనే, రాట్నము చప్పుడు వినబడుచుండగా చెప్పవచ్చును.

ఇవన్నియు ఉపాధ్యాయుని మెడకే చుట్టుట న్యాయము కాదని ఎరుగుదును. మధ్యాహ్న భోజనపు లెక్కలు, సెల్‌ఫోనులో ఎక్కింపవలసిన ఫొటోలు, హాజరు పట్టీల నడుమ ఆయనకు ఊపిరి తిరుగుటలేదు. అందుచేతనే ఈ భారమును కొంత విద్యాశాఖ పంచుకొనవలెను. ఆగస్టు 29న ప్రతి బడిలోను గిడుగువారి పటమునకు పూలమాల వేసి ఉపన్యాస పోటీలు జరుపుచున్నారు. ఈ జిల్లాలోనైనను, ఆ దినమున సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులను శాఖవారి ఖర్చుతోనే ముఖలింగమునకు తీసికొనిపోయి, శాసనములు చదువగల పండితునొకనిని వెంట నిలిపి, గోడపైని నాలుగు పంక్తులైనను చదివింపవలెను. తిరుగుదారిలో దంతపురపు గట్టు చూపవలెను. వానలు వెలసి, కార్తికమున చేలు పండి త్రోవలు ఆరునాటికి, ఏ బడి పిల్లలు ఏ కొండ ఎక్కవలెనో ఆ బడి మాస్టారు నిర్ణయించి, ప్రధానోపాధ్యాయుని చేతిలో పేర్ల పట్టిక ఉంచవచ్చును.